డీఎన్ఏ పరీక్షతో పూర్వీకుల్ని వెతకడం: మేనరికాలున్న మన ఇళ్ళలో ఎలా చేయాలి

ఆ మధ్య ఒక రాత్రి ఒంటిగంటకి డాలస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. లేరన్నాను. "నేను డీఎన్ఏ టెస్ట్ చేయించుకున్నా కదా. న్యూజెర్సీలో ఉన్న బావ కూడా చేయించుకున్నాడట. వాడు నాకు హాఫ్ బ్రదర్ అని చూపిస్తోంది." గొంతు వణుకుతోంది. హాఫ్ బ్రదర్ అంటే ఇద్దరికీ తల్లో తండ్రో ఒకరే అయి ఉండాలి. ఆ తర్వాతి మాట వాడు అనలేకపోయాడు.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. మాది కుండమార్పిడి. అక్కని ఇచ్చిన ఇంట్లోంచే బావగారి చెల్లెల్ని మా అన్నయ్యకి చేసుకున్నాం. ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు. వాడికి తాతయ్య, నానమ్మ అయినవాళ్ళే వీడికి తాతయ్య, అమ్మమ్మ. అటువైపూ అంతే. నలుగురికి నలుగురూ ఒకరే అయినప్పుడు, బావాబావమరుదుల మధ్య మామూలుగా ఉండాల్సిన దానికి రెట్టింపు డీఎన్ఏ కలుస్తుంది. ఆ రెట్టింపు సరిగ్గా సవతి సోదరుల లెక్కతో సమానం. ల్యాబ్ తప్పు చేయలేదు. కాకపోతే ఆ లెక్కకి పేరు పెట్టే సాఫ్ట్‌వేర్‌కి కుండమార్పిడి అంటే తెలియదు.

ఆ రాత్రి వాడికి వివరించింది, ఆ తర్వాత మా ఇంట్లో నలుగురికి పరీక్ష చేయించి నేర్చుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. కిట్ కొనేముందు చదివితే ఎక్కువ ఉపయోగం.

ముందు మీ ప్రశ్న కాగితం మీద రాయండి

"మా మూలాలు తెలుసుకోవాలి" అంటే ప్రశ్న కాదు. ఇలా రాయండి: మా తాతగారు దత్తత వచ్చారని విన్నాం, అసలు ఏ ఇంటివారు? ముత్తాత తమ్ముడు బర్మా వెళ్ళి తిరిగి రాలేదు, ఆయన సంతానం ఎక్కడైనా ఉన్నారా? ఒకే ఇంటిపేరున్న పక్క ఊరివాళ్ళూ మేమూ ఒకే మూలపురుషుడి సంతానమా? ఇలాంటి వాటికి డీఎన్ఏ పనికొస్తుంది.

పనికిరానివీ చెప్పేస్తాను. మీ కులమేమిటో, గోత్రమేమిటో ఏ పరీక్షా చెప్పదు. వెయ్యేళ్ళ కిందట మీవాళ్ళు ఏ ఊళ్ళో ఉండేవారో చెప్పదు. ఏ రాజవంశానికి చెందినవారో అసలే చెప్పదు. ఆస్తి తగాదా కోసమైతే ఇంట్లో చేసుకునే కిట్ రిపోర్టును కోర్టు ఒప్పుకోదు. కోర్టు ఆదేశంతో, గుర్తింపు పత్రాలు చూసి, సాక్షుల ముందు తీసిన శాంపిల్‌కే అక్కడ విలువ.

కిట్ కంటే ముందు పెద్దవాళ్ళు

ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళుంటే వాళ్ళ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. "మన వంశం గురించి చెప్పు" అని అడిగితే ఏమీ రాదు. ఎవరి పెళ్ళి ఎవరితో జరిగిందో అడగండి, పెళ్ళిళ్ళ గొడవలతో సహా అన్నీ బయటికొస్తాయి.

నాలుగు సంగతులు మాత్రం తప్పకుండా తేల్చుకోండి. మేనరికాలు ఎక్కడెక్కడ జరిగాయి. అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళెవరు. కుండమార్పిళ్ళు ఉన్నాయా. దత్తతలు ఉన్నాయా. ఈ నాలుగూ తెలియకుండా డీఎన్ఏ ఫలితం చూస్తే మావాడికి పట్టిన టెన్షనే మీకూ పడుతుంది.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. మేనమామ వేరు, బాబాయి వేరు. అత్త వేరు, పిన్ని వేరు. తల్లి వైపా తండ్రి వైపా అన్నది పిలుపులోనే తెలిసిపోతుంది. అందులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. మనం వరస పెట్టి పిలిచేవాళ్ళందరూ రక్తసంబంధీకులు కారు. మా అమ్మ ముప్పై ఏళ్ళు "పెద్దమ్మ" అని పిలిచిన ఆవిడ పక్కింటావిడ. అందుకే ప్రతి పేరు దగ్గరా "సొంతమా, వరసకా?" అని అడిగి రాసుకోండి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. మన వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేర్ల దగ్గర చాలాసార్లు "భార్య" అని మాత్రమే ఉంటుంది. సగం డీఎన్ఏ వాళ్ళదే.

కాగితాలూ ఉన్నాయి. పాత భూమి రికార్డులు చూడండి: తెలంగాణలో అయితే 1954-55 నాటి ఖాస్రా పహాణీ, దానికి ముందు సేత్వార్. ఆంధ్రలో అయితే రీసెటిల్మెంట్ రిజిస్టర్, అదే ఆర్ఎస్ఆర్. భూమి ఉన్న కుటుంబమైతే తండ్రి పేరుతో సహా దొరుకుతుంది. గయలో, హరిద్వార్‌లో పిండప్రదానాలకి వెళ్ళినవాళ్ళుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే వాళ్ళ పద్దు పుస్తకాల్లో, మీ ఊరి పేరు కింద వంశం రాసి ఉండవచ్చు. కొన్ని కులాల ఇళ్ళకు వంశరాజ్‌లు వచ్చి ఇంటిపేర్లూ గోత్రాలూ తరతరాల పేర్లూ పాడి వినిపించేవారు, వాళ్ళని పూర్వం పిచ్చుకగుంట్లవారు అనేవారు. ఇప్పటికీ వచ్చే ఊళ్ళున్నాయి. వస్తే వదలకండి, రికార్డు చేసుకోండి.

ఏ పరీక్ష, ఎవరికి

పరీక్షలు మూడు రకాలు. ఆటోసోమల్ పరీక్ష తల్లి వైపు, తండ్రి వైపు అన్ని కొమ్మల్నీ కలిపి చూస్తుంది, బంధువుల్ని పట్టిస్తుంది. తొంభై శాతం మందికి ఇదే కావాలి. వై పరీక్ష తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే క్రోమోజోమ్‌ని చూస్తుంది, ఇంటిపేరు వెళ్ళే దారే దీని దారి. ఆడవాళ్ళకి వై ఉండదు కాబట్టి మీరు ఆడవారైతే నాన్నకో, అన్నదమ్ములకో, బాబాయికో చేయించాలి. మైటోకాండ్రియల్ పరీక్ష తల్లి, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి, ఇలా పోతుంది. అమ్మ నుంచి కొడుకుకీ వస్తుంది కానీ వాడి దగ్గరే ఆగిపోతుంది, కూతుళ్ళ ద్వారానే ముందుకెళ్తుంది.

ఇంట్లో ఎవరికి చేయించాలి? అందరికంటే పెద్దవాళ్ళకి. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. పిల్లలకి మీ డీఎన్ఏలో సగమే వెళ్తుంది. తాత నుంచి మనవడికి వచ్చేది సగటున పాతిక శాతం. ముత్తాతది పన్నెండున్నర. ఏడెనిమిది తరాలు వెనక్కి వెళ్తే కొందరు పూర్వీకుల డీఎన్ఏ మీలో ఒక్క ముక్క కూడా ఉండకపోవచ్చు. అమ్మమ్మ శాంపిల్ ఒకటుంటే మనవలు పది మంది చేయించుకున్నదానితో సమానం. డబ్బులు ఒక్క కిట్‌కే ఉంటే కుర్రాడికి కాదు, ముసలావిడకి ఖర్చు పెట్టండి.

కంపెనీల విషయం. ఆన్సెస్ట్రీ, 23అండ్‌మీ, మైహెరిటేజ్, ఫ్యామిలీట్రీడీఎన్ఏ అన్నవి పెద్దవి. వీటిలో కొన్ని అన్ని దేశాలకూ కిట్ పంపవు. ఇండియాలో ఉండి ఆర్డర్ చేసేముందు ఆ కంపెనీ దేశాల జాబితా చూడండి, మన దేశం నుంచి శాంపిల్ తీసుకుంటుందా లేదా అన్నది కూడా. మా ఇంట్లో మేము పట్టిన దారి చాలా ఇళ్ళకు వీలవుతుంది: అమ్మానాన్నలు ఆరు నెలలకని అమెరికా వెళ్ళినప్పుడు అక్కడే చేయించడం. అక్కడ ఆటోసోమల్ కిట్ సాధారణంగా వంద డాలర్ల అటూఇటూ ఉంటుంది. థాంక్స్‌గివింగ్‌కి, మదర్స్ డేకి బాగా తగ్గిస్తారు, అప్పటిదాకా ఆగండి. వై పరీక్ష లోతుగా చేసేవి నాలుగైదు వందల డాలర్లు పడతాయి, అవసరం తేలాక చూసుకోవచ్చు.

హైదరాబాదులోని మ్యాప్‌మైజీనోమ్ లాంటి మన సంస్థలు కూడా పూర్వీకుల రిపోర్టు ఇస్తాయి. కాకపోతే మీ ప్రశ్న తప్పిపోయిన బంధువుల గురించైతే, కోట్ల మంది ఖాతాలున్న చోటే ఫలితం ఉంటుంది. విదేశాలకు వెళ్ళిన మనవాళ్ళు అక్కడే ఎక్కువ దొరుకుతారు.

ఉమ్మి వేయించడం అంత తేలిక కాదు

మా అమ్మకి ఎనభై రెండేళ్ళు. డాలస్‌లో మనవడి వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ గొట్టం చేతికిచ్చి "ఇందులో ఉమ్ము అమ్మమ్మా" అన్నాడు వాడు. నేను వీడియో కాల్‌లో చూస్తున్నాను. "నా ఎంగిలి పోస్టులో పంపిస్తావట్రా? పోస్టువాడు ముట్టుకోడూ?" అంది. మడి, ఎంగిలి అన్నవి ఎనభై ఏళ్ళుగా ఒంట్లో ఇంకినావిడకి ఇది చిన్న విషయం కాదు. గొట్టానికి మూత బిగించి, సంచిలో పెట్టి, ఆ సంచిని పెట్టెలో పెట్టి అతికించి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక అసలు సమస్య వచ్చింది. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్ళకి నోరు ఆరిపోతుంది. అరగంట ముందు నుంచి తినకూడదు, తాగకూడదు, వక్కపొడి నమలకూడదు. గీత దాకా ఉమ్మి నిండాలి, నురగ లెక్కలోకి రాదు. అమ్మ పావుగంటకి పావువంతు కూడా నింపలేకపోయింది. మావాడు తొందరపడి నురగతో కలిపి గీతకి వచ్చిందని మూత బిగించేశాడు. ఆరు వారాల తర్వాత శాంపిల్ చాలలేదని మెయిల్ వచ్చింది, మళ్ళీ కిట్, మళ్ళీ ఆరు వారాలు.

రెండోసారి ఇలా చేశాం. పొద్దున్న లేవగానే, కాఫీ కంటే ముందు, కానీ రాత్రి నీళ్ళు బాగా తాగించి. బుగ్గలు బయటి నుంచి వేళ్ళతో మెల్లగా రుద్దుకోమన్నాం. పచ్చి చింతకాయ ఉప్పులో అద్దుకుని తింటున్నట్టు తలుచుకోమన్నాను. ఐదు నిమిషాల్లో నిండింది. నోరు మరీ పొడిబారే పెద్దవాళ్ళుంటే ఉమ్మి బదులు చెంప లోపల పుల్లతో రాసే కిట్ తీసుకోండి. మైహెరిటేజ్, ఫ్యామిలీట్రీడీఎన్ఏ కిట్లు ఆ రకం.

గొట్టం మీద నంబరుంటుంది. పోస్టు చేసేముందు ఆన్‌లైన్లో ఆ నంబరు నమోదు చేయాలి. ఒకేసారి ఇద్దరికి చేయిస్తుంటే ఎవరి గొట్టం ఎవరిదో మార్కర్‌తో పెట్టె మీద రాసుకోండి. ఇద్దరివీ తారుమారైతే అమ్మకి అత్తగారి చుట్టాలు దొరుకుతారు.

సంతకం పెట్టే ముందు ఒక మాట

ఖాతా తెరిచేటప్పుడు రెండు మూడు చోట్ల టిక్ పెట్టమంటారు. అన్నిటికీ పెట్టేయకండి. పరిశోధనకి మీ డేటా వాడుకోవడానికి అనుమతి వేరు, బంధువుల జాబితాలో కనిపించడం వేరు. రెండోది లేకపోతే పరీక్ష వల్ల మీకు ప్రయోజనం లేదు. మొదటిది మీ ఇష్టం. పూర్తి పేరు పెట్టక్కర్లేదు, ఇంటిపేరు, మొదటి అక్షరం చాలు.

2023లో 23అండ్‌మీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి వెళ్ళాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, చాలామంది కంగారుపడి ఖాతాలు తీసేశారు. పాస్‌వర్డ్ మారితే మార్చుకోవచ్చు కానీ డీఎన్ఏ మార్చుకోలేం కదా. 2018లో కాలిఫోర్నియాలో నలభై ఏళ్ళనాటి హత్యల నిందితుణ్ణి పోలీసులు పట్టుకున్నది జెడ్‌మ్యాచ్ (GEDmatch) లాంటి సైట్లలో అతని దూరపు బంధువులు పెట్టుకున్న డీఎన్ఏ ద్వారానే. అంటే మీరొక్కరే ఉమ్మినా మీ అన్నదమ్ముల, పిన్ని పిల్లల గుట్టు కూడా కొంత బయటికెళ్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. పెద్దవాళ్ళకి తెలియకుండా టూత్‌బ్రష్ తీసుకెళ్ళే పని అసలు చేయకండి.

ఫలితం వచ్చింది. శాతాలు చూసి మురిసిపోకండి

ముందు రంగురంగుల మ్యాపు కనిపిస్తుంది. తెలుగువాళ్ళకి ఎక్కువగా "దక్షిణ భారతం" అని పెద్ద శాతం, పక్కన చిన్నాచితకా ఇంకేవో వస్తాయి. ఇది తెలుసుకోవడానికి వంద డాలర్లా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఈ శాతాలు మిమ్మల్ని కంపెనీ దగ్గరున్న నమూనా జనాలతో పోల్చి వేసిన అంచనాలు. నమూనాలు మారితే శాతాలూ మారతాయి. మావాడికి మొదట రెండు శాతం మధ్య ఆసియా అని వచ్చింది, వాడు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. తర్వాతి అప్‌డేట్‌లో ఆ రెండు శాతం మాయమైంది.

అసలు కథ దీనికంటే బాగుంటుంది. అది హైదరాబాదులోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో తేలింది. 2009లో లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ కలిసి చేసిన పరిశోధన ప్రకారం ఈ దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయికే, పాళ్ళే తేడా. 2013లో ఇంకో అడుగు వేసి, ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జోరుగా సాగిందని, తర్వాత ఎవరి గుంపులో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలైందని లెక్కగట్టారు. మీ బంధువుల జాబితా ఎందుకంత చిక్కుగా ఉంటుందో ఆ చివరి ముక్క చెబుతుంది.

హాప్లోగ్రూప్ అని ఒక అక్షరం, అంకె కూడా ఇస్తారు. తండ్రి వైపు హెచ్, ఆర్1ఏ, ఆర్2, ఎల్, జె2 మనలో తరచూ కనిపిస్తాయి. తల్లి వైపు ఎం, దాని కొమ్మలు. ఇవి వేల ఏళ్ళ నాటి కొమ్మలు, మీ ముత్తాత పేరు చెప్పవు. ఆర్1ఏ అంటే పై కులం గుర్తనుకుని కాలరెగరేసే పెద్దమనుషులు ఎదురైతే నల్లమల చెంచుల్లో కూడా అది ఉందని చెప్పండి.

ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్న ఇద్దరు మగవాళ్ళకి వై వేరుగా వస్తే గుండె జారనక్కర్లేదు. ఎక్కడో ఒక దత్తత ఉండి ఉంటుంది. మన దగ్గర వారసుడు లేని ఇంటికి దత్తత చాలా మామూలు. దత్తతతో ఇంటిపేరూ గోత్రమూ మారతాయి, క్రోమోజోమ్ మారదు.

బంధువుల జాబితా చదవడం

ఇక్కడే నిదానంగా ఉండాలి. ప్రతి మ్యాచ్ పక్కన ఒక అంకె ఉంటుంది, సెంటీమోర్గాన్లలో. ఇద్దరి మధ్య ఎంత డీఎన్ఏ కలిసిందో అది చెబుతుంది. మామూలు పెళ్ళిళ్ళ ఇళ్ళలో సగటు లెక్కలు ఇలా ఉంటాయి. తల్లిదండ్రులూ పిల్లలూ 3,400 పైమాట. సొంత అన్నదమ్ములు సుమారు 2,600. తాత, మేనమామ, బాబాయి, సవతి సోదరులు అందరూ 1,750 దగ్గరే. ఒకే తాత మనవలు, వాళ్ళ భాషలో ఫస్ట్ కజిన్లు, 870 దగ్గర. సెకండ్ కజిన్ అంటే ఇద్దరి ముత్తాతా ఒకరే అని అర్థం, అది 230 దగ్గర. ఆ పై తరం కలిస్తే 70 చిల్లర. వీటికి అటూఇటూ చాలా దూరం ఊగుతాయి. డీఎన్ఏ పెయింటర్ అనే సైట్లో మీ అంకె కొడితే ఏయే చుట్టరికాలకి ఎంత అవకాశమో ఉచితంగా చూపిస్తుంది.

మావాళ్ళిద్దరికీ కలిసింది 1,690. సైట్ "హాఫ్ బ్రదర్" అంది. బావాబావమరుదులే, కానీ రెండు వైపుల నుంచీ.

ఇలాంటప్పుడు తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ ఖాతాలోంచి ముడి డేటా ఫైల్ దింపుకుని, ఇద్దరివీ జెడ్‌మ్యాచ్‌లో పెట్టి ఒకరితో ఒకర్ని పోల్చండి. మన ప్రతి క్రోమోజోమూ జంటే, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. సవతి సోదరులకి ఆ జంటలో ఒకవైపే కలుస్తుంది, ఎందుకంటే వాళ్ళకి ఉమ్మడిగా ఉన్నది తల్లో తండ్రో ఒక్కరే. కుండమార్పిడి పిల్లలకి అక్కడక్కడా రెండు వైపులా కలుస్తుంది, సగటున పదహారో వంతు. తెరమీద ఆ చోట్లు వేరే రంగులో నిండుగా కనిపిస్తాయి. మావాడు ఆ రంగు చూశాకే ఊపిరి పీల్చుకుని, మర్నాడు న్యూజెర్సీకి ఫోన్ చేసి "ఏరా బావా" అన్నాడు.

మేనరికం ఉన్న ఇంట్లో ఇంకో రకం చిక్కు. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ పెళ్ళి చేసుకుంటే వాళ్ళ పిల్లలకి ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది బదులు ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకుంటే నాన్న తల్లిదండ్రులే అమ్మకి అమ్మమ్మా తాతయ్యా అవుతారు, తరాలే ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. అప్పుడు సైట్ సెకండ్ కజిన్ అన్నవాళ్ళు నిజానికి ఇంకో తరం దూరం అయి ఉండవచ్చు. కాబట్టి సైట్ ఎంత దగ్గర అంటే దానికి ఒక మెట్టు దూరం ఊహించుకుని మొదలుపెట్టండి.

ఆ కిందికి వెళ్తే వందలమంది కనిపిస్తారు, అందరికీ ఇరవై, పాతిక సెంటీమోర్గాన్లే. రెండు వేల ఏళ్ళుగా ఒకే గుంపులో పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళకి ఇలాగే ఉంటుంది. మొత్తం అంకె కాదు, ఇద్దరికీ మధ్యలో తెగకుండా కలిసిన అతి పొడవైన డీఎన్ఏ ముక్క ఎంతో చూడండి. 40 సెంటీమోర్గాన్లు కలిసినా అవి ఏడేసి, ఎనిమిదేసి ముక్కలైతే వదిలేయండి, అది ఏనాటిదో. ఒకే ముక్క 20 దాటితే ఆ మనిషికి మెసేజ్ పెట్టండి.

జెడ్‌మ్యాచ్‌లోనే మీ అమ్మానాన్నలు ఒకరికొకరు బంధువులా అని చూపే పరీక్ష ఉంది. మేనరికం పిల్లలకి అది అవునంటుంది. మీకు తెలిసిన సంగతే, భయపడకండి. ఇంట్లో ఎవరూ చెప్పకుండా అది అవునంటే మాత్రం అమ్మమ్మతో మళ్ళీ ఒక మధ్యాహ్నం కూర్చోవాలి.

ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ వారసులు

నా దృష్టిలో తెలుగువాళ్ళకి డీఎన్ఏ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి మొదటి కూలీల ఓడ ట్రూరో, మద్రాసు నుంచి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేలమంది వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. మారిషస్‌లో తెలుగువాళ్ళకి కాకినాడ పక్కన కోరంగి రేవు పేరే పడింది. ఫిజీకి మద్రాసు ఓడలు 1903 నుంచి. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల ఇళ్ళలో "పెద తాత తమ్ముడు మారీచు దేశం పోయాడు" అన్న మాట విన్నవాళ్ళుంటారు.

మీ జాబితాలో డర్బన్ నుంచో మారిషస్ నుంచో పేరు కనిపించి, ముక్క పొడుగ్గా ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న వాళ్ళ పూర్వీకుడి వలస నంబరు. నేటాల్ ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా రాశారు. మారిషస్‌వి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఊరి పేర్లు తెలుగు రాని గుమాస్తా చెవికి వినపడినట్టు రాసినవి. కళ్ళతో చదివితే అర్థం కావు. నోటితో రెండు మూడు రకాలుగా పలికి చూడండి, మీ అమ్మకి వినిపించండి. ఆ చుట్టుపక్కల పుట్టిన పెద్దవాళ్ళు చటుక్కున పట్టేస్తారు.

మెసేజ్ చిన్నగా రాయండి. "మనిద్దరికీ ఇంత కలిసింది. మా అమ్మ వైపు ఇంటిపేరు ఇది, ఊరు ఇది, ఫలానా కాలంలో ఒకాయన ఓడెక్కి వెళ్ళాడని విన్నాం. మీ వాళ్ళు ఏ ఓడలో వచ్చారో తెలుసా?" అంతే. వంశవృక్షం మొత్తం మొదటి మెసేజ్‌లో పంపకండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. కులం అడగకండి. అక్కడ నాలుగు తరాల కిందటే ఆ మాట వదిలేసిన ఇళ్ళున్నాయి.

ఆరోగ్యం గురించి ఒకటి

కొన్ని కిట్లు జబ్బుల రిపోర్టు కూడా ఇస్తాయి. అవి పాశ్చాత్య జనాల మీద తయారైనవి ఎక్కువ. సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాల్ని చూస్తే, 81 సమూహాల్లో ఒకప్పుడు కొద్దిమంది నుంచే అందరూ పుట్టుకొచ్చిన గుర్తులు బలంగా కనిపించాయి. అలాంటి చోట ఒకే లోపం చాలామందిలో ఉండే అవకాశం ఎక్కువ. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ మన వైశ్యుల్లోనిదే. ఒక ఎంజైమ్ లోపం వల్ల ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు కొందరిలో చాలాసేపు దిగదు. మత్తు డాక్టరుకి ముందే చెబితే ఆయన వేరే మందు వాడతాడు. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత తేరుకోవడం విపరీతంగా ఆలస్యమైన అనుభవం ఉంటే అది కూడా చెప్పండి.

ఏదైనా అనుమానం వస్తే కిట్ రిపోర్టు పట్టుకుని గూగుల్ దగ్గరికి కాదు, జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

అనుకోనిది బయటపడితే

కుండమార్పిడి, మేనరికం, దత్తత అన్నీ తీసేసి చూసినా లెక్క కుదరని ఇళ్ళు ఉంటాయి. అలాంటిది కనిపిస్తే ఆ రాత్రే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టకండి. రెండో కంపెనీలో సరిచూసుకోండి. తర్వాత దాంతో నేరుగా సంబంధం ఉన్న ఒక్క మనిషితో, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. బతికున్న ముసలివాళ్ళని నిలదీసేంత అవసరం ఉందో లేదో రెండు రోజులు ఆలోచించండి. నేనైతే అడగను.

ఇక మిగిలింది ఖాతాల సంగతి. పెద్దవాళ్ళ కిట్ ఎవరి ఈమెయిల్‌తో ఉందో, పాస్‌వర్డ్ ఏమిటో, ముడి డేటా ఫైల్ ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో రాసిపెట్టండి. వాళ్ళు పోయాక ఖాతా తెరవలేక ఏడ్చేవాళ్ళని చూశాను. మా ఇంట్లో అది ఎల్ఐసీ బాండ్లున్న బీరువా అరలో, అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్‌లో ఉంది. మొదటి పేజీలో అక్క పెళ్ళి, అన్నయ్య పెళ్ళి తేదీలు రాసి, పక్కన ఎర్ర ఇంకుతో "కుండమార్పిడి, కంగారు పడకండి" అని రాశాను.